కొండకు ఒక సెకను

మునెయ్య ఇల్లు వదిలి ఆ శనివారానికి పదకొండు రోజులు. వెంట తీసుకెళ్లిన ఇన్సులిన్ పది రోజులకు.

చంద్రగిరి బజారులో వాచీలు బాగుచేసుకునే ఆ అరవై రెండేళ్ల మనిషి చేసిన తప్పల్లా ఒక్కటే. ఊరవతల కంకర క్వారీలో పేలుడు జరిగి ఇద్దరు కూలీలు చనిపోయిన రోజున, ఆ చప్పుడు వినగానే గడియారం చూసి నోటుపుస్తకంలో టైము రాసుకున్నాడు. మూడు గంటల నలభై రెండు నిమిషాల పదకొండు సెకన్లు. క్వారీ యజమాని పరంధామయ్య మాత్రం పేలుడు ఐదున్నరకు, సైరన్ మోగించి పనివాళ్లను పంపేశాకే జరిగిందన్నాడు. చనిపోయినవాళ్లు ఇనుము ఎత్తుకుపోవడానికి దొంగతనంగా లోపలికి దూరారన్నాడు. ఊరంతా పరంధామయ్య టైమునే ఒప్పుకుంది. మునెయ్య ఒప్పుకోలేదు. సోమవారం తిరుపతి కోర్టులో అతను సాక్ష్యం చెప్పాలి.

గత వారం మనం వదిలేసరికి, అతని కూతురు మునికుమారి నాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. మునెయ్యకు లైసెన్సున్న హామ్ రేడియో ఉంది, సరదాకు ఇంటి నుంచే దూరదేశాలతో మాట్లాడుకునే రేడియో. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, ఎఫ్‌టీ ఎయిట్ అనే పద్ధతిలో ఎక్కడెక్కడి వాళ్లతోనో అక్షరాల్లో మాట్లాడేవాడు. చివరిసారి ఎవరితో మాట్లాడాడో తెలిస్తే ఎక్కడికి పోయాడో తెలియవచ్చని కుమారి ఆశ. కానీ తెర మీద సంకేతాల గీతలు వానధారల్లా దిగుతున్నాయే తప్ప ఒక్క అక్షరం పడటం లేదు. ఏం చెడిందో చూద్దామని మౌస్ పట్టుకోగానే వాకిట్లో నుంచి గొంతు వినిపించింది.

"ఆ మిషన్ని ముట్టుకోవద్దు పాపా."

ఖలందర్. నాయనకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరై, తిరుపతిలో ఫ్యాన్లకు వైండింగ్ చేసే అంగడి పెట్టుకున్నాడు. అతనికీ హామ్ లైసెన్సు ఉంది. మునెయ్య పోయిన దగ్గర నుంచి రోజూ సాయంత్రం స్కూటర్ మీద వచ్చి, మునెయ్య భార్య గురవమ్మకు ధైర్యం చెప్పి, టీ తాగి వెళ్తున్నాడు. ఈరోజు మాత్రం పొద్దున పదింటికే దిగాడు. కూతురు కంప్యూటర్ తెరిచిందని గురవమ్మే ఫోన్ చేసి చెప్పింది.

"ఎందుకు మామా?" అంది కుమారి, కుర్చీలో నుంచి లేవకుండానే.

"ఎందుకంటే, దానికి నూరు వైర్లుండాయి. ఒకటి అటూ ఇటూ అయితే రేడియోనే కాలిపోతాది. మీ నాయన వచ్చి నన్ను తిడతాడు."

"నాయన వచ్చి తిడితే అంతకన్నా ఏం కావాల మామా. రా, కూర్చో. నీకు తెలిసిందే గదా ఇది."

ఖలందర్ గుమ్మంలో చెప్పులు విడిచాడు. తరువాత స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. కూర్చుంటూనే చేతి వాచీ చూసుకున్నాడు.

అది వీధి వైపు గది. గోడ నిండా మునెయ్య బాగుచేసి పెట్టిన గడియారాలు. బల్ల పక్కన కిటికీ. మేడ మీది ఏరియల్ నుంచి వచ్చే లావుపాటి నల్ల కేబుల్ ఆ కిటికీలో గుండానే లోపలికి వచ్చి రేడియో వెనక దూరుతుంది. అందుకే ఆ కిటికీ రెక్కలు పన్నెండేళ్లుగా మూతపడలేదు. వానొస్తే గురవమ్మ గోనెపట్టా కట్టేది, మొగుణ్ణి తిట్టేది. కిటికీకి ఎదురుగా, సందు అవతల, మూడంతస్తుల కొత్త కట్టడం పచ్చ గుడ్డ కప్పుకుని సగంలో ఆగిపోయి ఉంది. సందు మొగదల నాలుగు రోజులుగా ఒక బైకు నిలబడి ఉంటోంది. దాని మీద కూర్చునే మనిషి క్వారీలో మేస్త్రీ.

"సౌండు ఎక్కువై ఉంటాది," అన్నాడు ఖలందర్. "ఎక్కువైతే అక్షరాలు పడవు."

కుమారి తెర మీద సౌండు కొలిచే ముల్లు చూసింది. నిజమే, ఎర్రటి గుర్తు దాటి ఉంది. తగ్గించింది. గీతలు పలచబడ్డాయి. పదిహేను సెకన్లు ఆగింది. ఈ పద్ధతిలో అందరూ పదిహేను సెకన్లకొక వంతు చొప్పున మాట్లాడతారు. ఒక వంతులో పంపగలిగేది మహా అయితే పదమూడు అక్షరాలు. వంతు అయిపోయింది. అక్షరం లేదు.

"పద్ధతి మారిపోయిందేమో. ఎఫ్‌టీ ఫోర్ మీద ఉండాదా?"

"ఎయిట్ మీదే ఉండాది."

"అయితే నడుమ పెట్టె వైరు సూడు."

నడుమ పెట్టె అంటే రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య అరచేయంత సౌండు డబ్బా. కుమారి దాని వైరు పీకి, మునెయ్య చేసినట్టే చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ గుచ్చింది. గీతలు పోయి, మళ్లీ వచ్చాయి. అక్షరం లేదు.

"ఇదంతా సాఫ్ట్‌వేర్ గోల పాపా. మొత్తం తీసేసి మళ్లా ఎక్కించాల. నాకు ఒక దినం పడ్తాది. మిషన్ ఇచ్చేయ్, స్కూటర్ ముందర పెట్టుకొని తీస్కపోతా. రేపు తెచ్చిస్తా." చెబుతూ చెబుతూ మళ్లీ వాచీ చూసుకున్నాడు.

"నీకేమన్నా పనుండాదా మామా? పది సార్లు సూసినావు టైము."

"అంగట్లో పిల్లోళ్లు గమ్మున ఉండరు గదా. అందుకు."

కుమారి ఫోన్‌లో వెతుకుతోంది. ఇలాంటి జబ్బుకు ప్రపంచంలో ఎవరో ఒకరు మందు రాసి పెట్టే ఉంటారు. మూడో చోట దొరికింది. గీతలు కనబడుతూ అక్షరాలు పడకపోతే ముందు కంప్యూటర్ గడియారం చూడండి, రెండు సెకన్లు తేడా ఉన్నా ఈ పద్ధతి పనిచేయదు.

ఫోన్‌ను తెర పక్కన నిలబెట్టి రెండింటి సెకన్లూ చూసింది. ఫోన్‌లో నలభై. తెర మీద నలభై ఏడు.

మరోసారి చూసింది. యాభై. యాభై ఏడు.

"నాయన కంప్యూటర్లో టైము తప్పా?" అంది, తనలో తాను అనుకున్నట్టు.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెళ్లికి పోతే పెళ్లివారి గోడగడియారం సరిచేసి వచ్చే మనిషి మునెయ్య. సెట్టింగుల్లోకి పోయి చూసింది. ఇంటర్నెట్‌ను బట్టి దానంతటదే టైము సరిచేసుకునే ఏర్పాటును ఎవరో ఆపేసి పెట్టారు.

"అదే అయ్యుంటాది. సూసినావా, ఎంత చిన్న ముక్కో." ఖలందర్ చేయి ఆమె చేతి మీదుగా వచ్చి మౌస్ పట్టుకుంది. అంతవరకూ ముట్టుకోవద్దన్న మనిషి, ఆమె అవునూ కాదూ అనకముందే రెండు చోట్ల నొక్కి టైము సరిచేసేశాడు.

తెర నిండిపోయింది. ఒకదాని కింద ఒకటి వరసలు పడుతున్నాయి. కాల్ సైన్లనే రేడియోవాళ్ల పేర్లు, ఊరి గుర్తులు, ఎంత గట్టిగా వినబడుతోందో చెప్పే అంకెలు.

"వీడు బెంగళూరు. ఈయన కొచ్చి, డాక్టరు. ఇది కొలంబో. సరిపాయె." ఖలందర్ లేచి నిలబడ్డాడు. "దీనికే ఇంత గోల. మాట్లాడినోళ్ల పేర్లు రాసే లాగ్ పుస్తకంలో ఏముంటాది, అందరూ ఇట్టాటోళ్లే. నేను పోయొస్తా. సాయంత్రం వస్తాలే."

గోడ గడియారాలన్నీ పదీ నలభై ఐదు చూపిస్తున్నాయి.

కుమారి తెర మీద నుంచి చూపు తీయలేదు. వానధారల్లా దిగే ఆ గీతలకు అడ్డంగా, పదిహేను సెకన్లకొకసారి సాఫ్ట్‌వేర్ ఒక పచ్చ గీత గీస్తుంది. వంతు మొదలైందని గుర్తు. ఇందాక గీతలన్నీ ఆ పచ్చ గీతను నడుమ తొక్కుకుంటూ దిగాయి. ఇప్పుడు గడియారం సరైంది కాబట్టి అన్నీ బుద్ధిగా దాన్ని దాటాకే మొదలవుతున్నాయి.

ఒక్కటి తప్ప.

కుడివైపు చివర ఒక గీత. అన్నిటికన్నా లావుగా, ఎర్రగా. అది వంతుకు ముందే మొదలై, పచ్చ గీతను నడుమ తొక్కుకుని అవతలికి పోయింది. దానికి అక్షరాలు పడలేదు. ఆగింది. అర నిమిషానికి మళ్లీ అక్కడే, అంతే ముందుగా మొదలైంది.

"మామా, ఇదేంది?"

"కరెంటు గోల. పక్కింట్లో మోటారు ఏసినట్టుండారు."

"మోటారు వంతులేసుకొని తిరగతాదా?"

ఖలందర్ గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నాడు. కుమారి ఫోన్‌లో సెకన్లు చూసింది. ఆ గీత సరిగ్గా వంతుకు ఏడు సెకన్ల ముందు మొదలవుతోంది.

ఏడు.

మునెయ్య అంగట్లో బాగైన ఏ వాచీ అయినా ఏడు సెకన్లు ముందు నడుస్తూ బయటికి పోవాలి. అది అతని గురువు పెట్టిన ఆనవాయితీ. కొండకు ఒక సెకను. ఏడు కొండలకు ఏడు. "బస్సు నీకోసం నిలబడదు గదప్పా, ఇది కొండాయన ఇచ్చిన మిగులు," అని చేతిలో పెట్టేవాడు. బజారులో అందరికీ ఇదొక వేళాకోళం. చిన్నప్పుడు కుమారి ఆ పని చేసేది. కీ లాగి పట్టుకుని, నాయన "ఊఁ" అన్న సెకనుకు నొక్కాలి.

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఖలందర్ ఎడమ చేయి పట్టుకుని పైకెత్తి, వాచీ పక్కన ఫోన్ పెట్టింది.

"ఏంది పాపా ఇది?"

"ఏడు సెకన్లు ముందుండాది."

"మీ నాయన బాగుచేసిన వాచీనే గదా. అట్లనే ఉంటాది."

"కీ ఇచ్చే వాచీ మామా ఇది. దినానికి పది సెకన్లన్నా అటూ ఇటూ పోతాది. నేను వాచీలాయన బిడ్డను. నాయన పోయి పదకొండు దినాలయ్యె. ఇయ్యాళ కూడా సరిగ్గా ఏడే ఉండాదంటే, పొద్దున్నే ఎవరో తిప్పి పెట్టినారు. నువ్వు తిప్పినావు. ఎందుకు తిప్పినావు?"

ఖలందర్ చేయి లాక్కోలేదు. అతను వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ గీత మీ నాయనది," అన్నాడు.

వంటింటి గుమ్మంలో గురవమ్మ ఉంది. బొరుగులు వేయించిన బాణలి చేతిలోనే ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"అందరి గడియారం ఒక తట్టు, మా ఇద్దరి గడియారం ఒక తట్టు," అన్నాడు ఖలందర్, నేల చూస్తూ. "ఇద్దరం ఏడు సెకన్లు ముందు పెట్టుకుంటే మాది మాకే అక్షరాలుగా పడతాది. లోకమంతా విన్నా గీత కనబడతాదే గానీ చదవలేరు. పోయే ముందర దినం ఈడనే కూర్చొని సరిపెట్టి సూసుకున్నాం. అందుకే ఈ మిషన్ అట్ల ఉండాది. మా ఇంట్లోదాన్ని నేను దినమ్మూ ఈ వాచీ సూసే సరిపెడతా. రోజూ పదీ నలభై ఐదుకు ఆయన ఒక మాట పంపుతాడు, మా ఇంటి నుంచి నేనొకటి పంపుతా. అంతే. ఇట్ల దొంగగా మాట్లాడేదానికి మా లైసెన్సు ఒప్పదు పాపా. పేరు చెప్పకుండా గాల్లో ఒక్క మాట వదలని మనిషి మీ నాయన. ఈ పని చేసేటప్పుడు కండ్లనీళ్లు పెట్టుకున్నాడు."

"ఫోన్ చేయొచ్చు గదా."

"ఫోన్లు యాడెక్కడ మోగతా ఉండాయో పరంధామయ్యకు చెప్పేవాళ్లుండారు. అట్లని మీ నాయనకు ఎవరో చెప్పినారు. నిజమో అబద్ధమో నాకు తెల్దు. ఆయన నమ్మినాడు."

"యాడుండాడు?"

"గూడూరు తట్టు. పెంచలయ్యని నాకు తెలిసినోడు, వాని నిమ్మతోటలో. ఒక చిన్న రేడియో, పాత లాప్‌టాప్ ఇచ్చి నేనే దింపొచ్చినా."

గురవమ్మ బాణలిని నేల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"పదకొండు దినాలు నా ఇంట్లో టీ తాగిపోయినావు ఖలందరన్నా," అంది. "దినమ్మూ నా మొగం సూసినావు. ఒక్క మాట చెప్పలేకపోతివే."

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు చెల్లెమ్మా. నీకు తెలిస్తే నీ మొగం చెప్పేస్తాదన్నాడు. సందులో వాడు రోజూ నీ మొగమే గదా సూస్తా ఉండేది."

"నా మొగం సంగతి ఆయనకు బాగా తెలుసు. మరి మందు సంగతి? అది నిన్నటితో అయిపోయె."

"రేపు పొద్దున నేనే తీస్కపోవాల. ఒక దినం ఆగతాననినాడు."

కుమారి తెర వైపు చూస్తోంది. "మామా. రోజూ ఒక మాటే పంపుతాడంటివే."

"ఊఁ."

"ఇప్పుడు పన్నెండోసారి."

ఖలందర్ తలెత్తాడు. కుడివైపు చివర ఎర్ర గీత పచ్చ గీతను తొక్కుకుంటూ దిగుతోంది. తిరుపతిలో ఖలందర్ ఇంట్లో ఆ సమయానికి వినాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది. వినేవాడు ఇక్కడికి వచ్చి, గురవమ్మకూ కూతురికీ ఏమీ తెలియకూడదని కంప్యూటర్‌ను లోకం టైముకు తిప్పి పెట్టాడు. బదులు రాక అవతల మనిషి పిలుస్తూనే ఉన్నాడు.

"తిప్పు మామా. మళ్లా ఏడుకు తిప్పు."

అతను మౌస్ పట్టుకున్నాడు. ఆ కంప్యూటర్‌లో చేత్తో టైము పెడితే గంట, నిమిషం మాత్రమే పెట్టగలం. నొక్కిన క్షణం నుంచి సెకన్లు సున్నాతో మొదలవుతాయి. అంటే రాబోయే నిమిషాన్ని వేసి ఉంచుకుని, అసలు టైము ఇంకా ఏడు సెకన్లు వెనక ఉండగా నొక్కాలి. మొదటిసారి ఆలస్యంగా నొక్కాడు. కుమారి అతని చేతి కింద నుంచి మౌస్ లాక్కుంది. పదీ యాభై రెండు అని వేసింది. కళ్లు ఫోన్ మీద పెట్టింది. యాభై. యాభై ఒకటి. యాభై రెండు. నాయన "ఊఁ" అనేది ఈ క్షణంలోనే.

నొక్కింది.

తెర మీద వరసలు పడటం ఆగిపోయింది. బెంగళూరు లేదు. కొచ్చి డాక్టరు లేడు. కొలంబో లేదు. పదిహేను సెకన్లు ముగ్గురూ ఖాళీ తెరను చూశారు.

ఒకే ఒక్క వరస పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. నడుమ ఖాళీతో కలిపి సరిగ్గా పదమూడు.

మందు అయిపోయె.

గురవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుమారి అప్పటికే లేచి ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. ఇన్సులిన్ డబ్బా తీసి, మంచుముక్కలు గుడ్డలో చుట్టి, బ్యాగులో సర్దుతూ అరిచినట్టే మాట్లాడుతోంది. "గూడూరుకు ఎంత సేపు మామా? కారు మాట్లాడదాం. వెనక సందులో నుంచి పోదాం."

ఖలందర్ లేవలేదు.

"పాపా, ఈడకు రా."

వరసకు ముందున్న అంకె మీద వేలు పెట్టాడు. సంకేతం ఎంత గట్టిగా వినబడుతోందో చెప్పే అంకె అది. ప్లస్ పద్దెనిమిది.

"తప్పుండాల ఇది," అన్నాడు. "గూడూరు నుంచి ఆ చిన్న రేడియోతో, తోటలో కట్టిన తీగతో, మా ఇంట్లో మైనస్ ఇరవైకి పడేది. వినబడీ వినబడనట్టు. మూడు దినాలుగా మైనస్ రెండు, మైనస్ మూడు పడతా ఉండాది. నేను సంతోషపడితిని. గాలి బాగుండాది, ఆకాశం బాగుండాదనుకుంటిని. మా రేడియోవాళ్లకు సిగ్నల్ బాగా వస్తే అడగం పాపా, దండం పెట్టుకుంటాం."

"అంటే?"

"ఆకాశం బాగుంటే కొలంబో గట్టిగా రావాల. అది ఎప్పట్లానే ఉండాది. గట్టిగా వస్తా ఉండేది ఇదొక్కటే. మైనస్ ఇరవై యాడ, ప్లస్ పద్దెనిమిది యాడ." అతను తెర మీద నుంచి వేలు తీశాడు. "ఇది గూడూరు కాదు. తిరుపతి కూడా కాదు. ఈ ఊర్లోనే. పిలిస్తే పలికేంత దూరంలో."

"పెంచలయ్యకు ఫోన్ చేయి. ఒట్టు సంగతి తర్వాత సూసుకుందాం."

చేశాడు. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "పోతా ఉండాది. ఎత్తడం లేదు."

మళ్లీ వరస పడింది. మందు అయిపోయె. ప్లస్ పద్దెనిమిది.

"అడుగు మామా. నీ మాట నువ్వు పంపు. యాడుండావని అడుగు."

ఖలందర్ మీట నొక్కే ముందు అలవాటుగా తన కాల్ సైన్ రాయబోయి, ఆగి, తుడిపేశాడు. యాడ ఉండావు. వంతు రాగానే రేడియోలో రిలే స్విచ్చి టక్కున కొట్టుకుంది. మేడ మీది ఏరియల్ నుంచి ఆ రెండు మాటలు ఎవరికీ అర్థంకాని గీతగా ఊరంతటా పోయాయి. పన్నెండు సెకన్లకు రిలే మళ్లీ కొట్టుకుని ఆగింది.

"నాయనేనా అది?" అంది కుమారి. "అక్షరాలకు గొంతుండదు గదా."

ఖలందర్ ఆమె వైపు చూశాడు. ఆ అనుమానం అతనికి అప్పటిదాకా రాలేదని ఆ ముఖమే చెప్పింది.

గీత దిగడం మొదలైంది. ఎర్రగా, లావుగా. పచ్చ గీతను దాటాక మొదలై, వంతు నిండా నడిచి ఆగింది. వరస పడింది.

కిటికీ మూయి.

కుమారి మెల్లగా తల తిప్పింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. అవతల మూడంతస్తుల కట్టడం మీద పచ్చ గుడ్డ గాలికి ఉబ్బి, అణుగుతోంది. సందు మొగదల బైకు ఉంది. దాని మీద మనిషి లేడు.

"మూసెయ్," అంది గురవమ్మ. "ఆయనే అనినాడో ఎవరనినారో, ముందు మూసెయ్ తల్లీ."

కుమారి రెక్క పట్టుకుని లాగింది. అది సగం వచ్చి నల్ల కేబుల్‌కు తగిలి ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆ కిటికీని మూయనివ్వని కేబుల్. దాన్ని రేడియో వెనక నుంచి పీకి బయటికి తోస్తే తప్ప రెక్క పడదు. పీకితే ఆ గీత ఇక కనబడదు. నాయనదైనా, నాయన మెడ మీద చెయ్యేసి రాయిస్తున్నవాడిదైనా, వాళ్లకూ అతనికీ మధ్య ఉన్నది ఈ ఒక్క తీగే.

ఆమె వంగి రేడియో వెనక చేయి పెట్టింది. కేబుల్ చివర ఇత్తడి బిరడా వేళ్లకు దొరికింది.

"ఒక్క వంతు ఆగు పాపా," అన్నాడు ఖలందర్. "ఇంకొక్క మాట రానీ. యాడుండాడో చెప్తాడేమో."

"నువ్వు సూడు. నేను పట్టుకొనే ఉంటా."

తెర మీద పచ్చ గీత పడింది. దాని కింద ఎర్ర గీత మొదలైంది. ఒక సెకను. రెండు. గోడ మీది గడియారాలన్నీ ఒకే అడుగు వేస్తున్నాయి. నాలుగు. ఐదు.

ఆరో సెకను దగ్గర గీత పుటుక్కున తెగిపోయింది. అక్షరాలు పడలేదు. సగం మాటకు అక్షరాలు పడవు.

"పీకేసినావా?" ఖలందర్ అరిచాడు.

కుమారి చేతిలోకి చూసుకుంది. బిరడా బిగించినట్టే ఉంది. ఆమె ఇంకా ఒక్క మర కూడా విప్పలేదు.